పక్క సీటు

సంగారెడ్డి,
3 ఫిబ్రవరి 2025.

చిట్కుల్ గ్రామ నివాసి, కీర్తిశేషులు సంగప్ప గారి ఏకైక కుమారుడు, గేర్ల ఫ్యాక్టరీలో రిటైర్ అయినవారు, అరవై ఏళ్లు నిండినవారు అయిన మా బావగారు దశరథ్ గారికి బావమరిది ప్రభాకర్ రాయునది.

ఇలా మొదలుపెట్టినందుకు నవ్వుకోకండి. రిజిస్ట్రార్ ఆఫీసు ముందు టేబుల్ వేసుకుని జనం పొలాలూ ప్లాట్లూ రాసీ రాసీ అరిగిన చేయి ఇది. మనిషి పేరు రాస్తే తండ్రి పేరు, వయసు దానంతటవే వచ్చి పడతాయి. మీ వయసు దగ్గర మాత్రం కలం కాసేపు ఆగింది. అరవై ఏళ్ల మనిషి, ఎర్ర రంగు, పైకప్పు లేని, రెండే సీట్ల జర్మనీ కారు. ఇలాంటి వాక్యం నేను ఇంతవరకు ఏ దస్తావేజులోనూ రాయలేదు.

ఫోన్ చేయొచ్చు కదా అనకండి. నా నంబరు బ్లాక్ చేసింది మీరే. స్పీకర్‌లో పెట్టి అందరికీ వినిపిస్తానని మీకు అనుమానం. మీ గొంతుకు స్పీకర్ ఎందుకు బావా? సరే, ఉత్తరమే మేలు. నర్సింహ ఆటో రోజూ మీ పక్కనున్న ఇస్నాపూర్ నుంచి ఇక్కడికి తిరుగుతుంది కాబట్టి స్టాంపు ఖర్చు కూడా లేదు.

మా అక్క ముత్యమ్మ మొన్న శనివారం పొద్దున సంచి పట్టుకుని నా ఇంటి ముందు దిగింది. "ఏందక్కా, గిట్ల చెప్పకుండ వచ్చినవ్?" అన్నాను. "మీ బావ కారు కొన్నడు" అంది. అంతే. ఇంకేమీ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. లోకంలో మగవాళ్లు రిటైరైతే వచ్చిన డబ్బుతో మోకాళ్లు బాగు చేయించుకుంటారు, ఇంటి మీద ఇంకో గది వేస్తారు. మీరు మాత్రం కాలేజీ పిల్లవాడు కలలో చూసే బండి కొన్నారు, అదీ ఎవడో వాడి వదిలేసినది.

అక్క తరఫున నేను కోరేది ఇది. కారు అమ్మేయండి. వచ్చిన సొమ్ము ఆమె పేర బ్యాంకులో వేయండి. నలుగురు పెద్దల ముందు తప్పయిందని చెప్పండి. అప్పటిదాకా ఆమె చిట్కుల్ గడప తొక్కదు. మా అమ్మాయి శ్రీలత కాన్పుకని నా భార్య నిజామాబాద్ వెళ్లి ఉంది కాబట్టి ఇంట్లో చోటుకు కొదవ లేదు.

ఇట్లు, 
మీ మేలు కోరే 
ప్రభాకర్


చిట్కుల్,
6 ఫిబ్రవరి.

ప్రభాకర్‌కు,

నీ ఉత్తరం అందింది. మా నాన్న పేరు, నా వయసు సరిగ్గానే రాశావు. మిగతాదంతా నీ టేబుల్ చుట్టూ కూర్చునే వాళ్లను నవ్వించడానికి రాసినట్టుంది.

పైకప్పు లేని కారు కాదు అది. పైకప్పు ఉంది. బటన్ నొక్కితే తెరుచుకుంటుంది. మూయాలంటే మాత్రం బటన్ పని చేయదు, చేత్తో లాగాలి. అందుకే నాకు అందే ధరకు దొరికింది. మీ వీధిలో కోర్టు గుమాస్తా కొన్నాడే, ఆ అగ్గిపెట్టె కారు, దాని కంటే తక్కువ ధర. ఇది దస్తావేజులు రాయించుకోవడానికి వచ్చే నీ పార్టీలకు గట్టిగా చదివి వినిపించు.

ఊరికే పోయి కొనలేదు. ఆరు నెలలు తిరిగాను. హైదరాబాద్‌లో ఒక షోరూంలో తళతళలాడే కారు చూపించారు. కాళ్ల కింద మ్యాట్ ఎత్తి చూస్తే సీటు పట్టాల్లో ఒండ్రు. "ఏంది తమ్మీ ఇది?" అని అడిగాను. "బీచ్ పోయొచ్చింది అంకుల్" అన్నాడు టై కట్టుకున్న పిల్లవాడు. వరదలో మునిగిన బండిని బీచ్‌కు పోయొచ్చిందని అమ్మే చదువు మన కాలంలో లేదు. ఇంకోచోట ఢిల్లీ నుంచి వచ్చిన కారు. అక్కడ వయసు మీరిన బండ్లను తిరగనివ్వరని ఇక్కడ తెచ్చి అంటగడుతున్నారు. కాగితాలు అడిగితే వచ్చే వారం అన్నారు. ఆ వారం ఇంకా రాలేదు.

చివరికి రుద్రారంలో నర్సింగ్ అనే కుర్రాడి దగ్గర దొరికింది. వాళ్లు పొలం అమ్మినప్పుడు కొన్న కారు. కొన్నాళ్లు యూనివర్సిటీ గేటు ముందు అటూ ఇటూ తిప్పాడట. తర్వాత బ్రేకులు మార్చడానికి ఎంతవుతుందో విని, కొట్టంలో పెట్టి టార్పాలిన్ కప్పాడు. నేను పోయేసరికి దాని మీద కోళ్లు పడుకుని ఉన్నాయి. ధర దగ్గర నర్సింగ్ దిగడు, నేను ఎక్కను. అప్పుడు వాళ్లమ్మ చేతిలో బకెట్‌తో వచ్చింది. "పాలిచ్చే బర్రె ఎండల నిలవడ్డది. ఇది పాలిస్తదా, పేడేస్తదా? అన్న ఇచ్చినకాడికి తీసుకోని కొట్టం ఖాలీ చెయ్యి" అంది. అక్కడ ధర తెగింది.

ఎందుకు కొన్నావని నువ్వు అడగలేదు. అడిగే బుద్ధి నీకు లేదు కాబట్టి నేనే చెబుతాను. ఒకసారి మా ఫ్యాక్టరీకి ఒక పెద్ద కొనుగోలుదారుడు ఇలాంటి కారులోనే వచ్చాడు. రేకుల నీడలో ఉన్న నా సైకిల్‌ను వాచ్‌మన్ తీసుకెళ్లి ఎండలో పెట్టి ఆ కారుకు చోటిచ్చాడు. సాయంత్రం సీటు మీద కూర్చుంటే కాలింది. ఆ రోజు అనుకున్నాను.

రెండే సీట్లు ఎందుకంటే, మా అబ్బాయి మహేష్ వాళ్ల అత్తవారినందరినీ ఎక్కించుకుని తీర్థాలు తిరగడానికి నా బండి అడగకూడదు కాబట్టి. ఫ్లాట్ అడ్వాన్సుకు నా డబ్బు ఇవ్వలేదని వాడికి కడుపుమంట. మీ అక్కకు కోపం ఎక్కించింది కూడా వాడే. కన్నకొడుకు కదా అని ఆమె వింటుంది.

కారు అమ్మే ప్రసక్తి లేదు. తప్పు ఒప్పుకునే ప్రసక్తి అంతకంటే లేదు.

దశరథ్


సంగారెడ్డి,
10 ఫిబ్రవరి.

కోళ్లు వాడి వదిలేసిన కారుకు యజమాని అయిన బావగారికి,

మీరు పంపిన చరిత్ర చదివాను. బర్రె ముందు ఓడిపోయిన కారును గెలిచి తెచ్చుకున్నారు, సంతోషం. ఆ ముసలామెకు ఉన్న బుద్ధిలో పావు వంతు మీకున్నా నా అక్క ఇవాళ నా ఇంట్లో ఉండేది కాదు.

ఆ కారుకు నాలుగు హద్దులు రాయమంటే ఇలా రాస్తాను. తూర్పున, మింగిన రిటైర్మెంట్ డబ్బు. పడమర, మింగబోయే మెకానిక్. ఉత్తరాన, మొహం తిప్పుకున్న కొడుకు. దక్షిణాన, పుట్టింటికి వచ్చేసిన భార్య. ఈ మధ్యలో ఉన్న ఎర్ర రేకు సదరు దశరథ్ గారికి చెందుతుంది.

స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా మీరు కారు దిగి, అడుగు గీసుకోకుండా రెండు చెక్క పలకలు వేసి, మళ్లీ ఎక్కి, దాటించి, మళ్లీ దిగి పలకలు తీసుకుంటారని నర్సింహ చెప్పాడు. మీ వెనక ఫ్యాక్టరీ బస్సు కూలీలు హిందీలో ఏదో అంటారట. అదేమిటో అడిగితే నర్సింహ చెప్పడానికి సిగ్గుపడ్డాడు. గాలి కంటే వేగంగా పోయే కారు కొని, నడిచి పోయేవాడి కంటే ఆలస్యంగా చేరడం మీకే చెల్లింది.

మీ ఉత్తరం సారాంశం అక్కకు చెప్పాను. "బావ కారు అమ్మడట" అన్నాను. "అమ్మమని ఎవరన్నరు?" అని లోపలికి వెళ్లిపోయింది. కోపం ఎంత ముదిరిందో చూడండి, ఏం కావాలో చెప్పే స్థితిలో కూడా లేదు. ఆమె తరఫున ఆలోచించే బాధ్యత పూర్తిగా నా మీద పడింది. నిన్న మాత్రం పచ్చిపులుసు, జొన్నరొట్టె చేసింది. చాలా కాలానికి కడుపునిండా తిన్నాను. కాబట్టి మీరు తొందరపడి రావాల్సిన పని లేదు. షరతులు మాత్రం మారవు.

ప్రభాకర్


చిట్కుల్,
13 ఫిబ్రవరి.

ప్రభాకర్‌కు,

రొట్టెల సంగతి రాసి నీ గుట్టు నువ్వే బయటపెట్టుకున్నావు. నా భార్యను వంటకు పెట్టుకుని నాకే షరతులు రాస్తావా? ఇంకొకరి పొలానికి హద్దులు రాసి బతికేవాడివి, ఇంకొకరి సంసారానికి కూడా హద్దులు రాయగలనని అనుకుంటున్నావు.

మీ అక్కకు ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. నీ దగ్గరున్నప్పుడు ఎత్తితే నువ్వు స్పీకర్ నొక్కుతావని ఆమెకూ తెలుసు.

నా పని బాగానే ఉంది. సాయంత్రం హైవే మీద కంది దాకా పోయి వస్తాను. కెమికల్ ఫ్యాక్టరీల వాసన దాటాక గాలి బాగుంటుంది. ఆ గాలిలో పోతుంటే నువ్వు, నీ టేబుల్, నీ పార్టీలు ఎంత చిన్నగా కనిపిస్తారో చెప్పలేను. ఇంటికి వచ్చాక మాత్రం అన్నం అడుగంటుతోంది. ముత్యమ్మ ఎసరు ఎంత పెడుతుందో నేను ఎప్పుడూ చూడలేదు. ఆమె లేకపోతే ఇల్లు బాగాలేదు. ఇది నీకు నవ్వులాటగా ఉంటే నవ్వుకో.

పైకప్పు ఆమెకు నచ్చలేదేమో అనిపించింది. ఎండ తగులుతుందని కోపమా? పటాన్‌చెరు మెకానిక్‌కు చూపించి బాగు చేయించాను. ఇప్పుడు బటన్ నొక్కితే మూసుకుంటుంది కూడా. ఈ మాట ఆమెకు చెప్పు. అయినా రానంటే నేనేం చేయను? ఇంట్లోంచి పోయింది తను, నేను పొమ్మనలేదు. రావాలంటే ఇస్నాపూర్‌కు బస్సులు చాలా ఉన్నాయి.

దశరథ్


సంగారెడ్డి,
19 ఫిబ్రవరి.

దశరథ్ గారికి,

ఈ రోజు నుంచి బావా అని పిలవడానికి నోరు రావడం లేదు.

మొన్న ఇస్నాపూర్ నుంచి ఒక పార్టీ ప్లాటు రిజిస్ట్రేషన్‌కు వచ్చాడు. మాటల మధ్యలో మీ పేరు వచ్చింది. "ఆ ఎర్ర కారు పెద్దమనిషేనా సార్? రోజూ కంది దిక్కు పోతడు. పక్కల ఒక ఆడామె ఉంటది. ఇంత పెద్ద బొట్టు, మెడల పూలదండ. ఆయన నవ్వుకుంట ఆమెతోని ముచ్చట పెట్టుకుంట పోతుంటడు" అన్నాడు. నా చేతిలో స్టాంపు పేపర్ అలాగే ఉండిపోయింది. అక్కడున్న వాళ్లందరూ నా మొహమే చూశారు.

ఇప్పుడు అర్థమైంది రెండు సీట్లు ఎందుకో. మహేష్ అత్తవారి కోసమట, తీర్థాల కోసమట. అరవై ఏళ్లకు పూలదండ మెడలో వేసుకుని హైవే మీద తిరిగే ఆడమనిషి మీకు ఎక్కడ దొరికింది? ఫ్యాక్టరీలో దొరికిందా, రుద్రారంలో కారుతో పాటు ఇచ్చారా?

మనసు రాయి చేసుకుని అక్కకు చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. ఆమె చేటలో బియ్యం చెరుగుతూ, తల కూడా ఎత్తకుండా, "ఎరుకే. ఆమెను నేనెరుగుదు" అంది. ఎరుగునట. అంటే ఆ ఆడమనిషి సంగతి ముందే తెలిసి, ఆ అవమానం దిగమింగుకుని ఇన్నాళ్లు నా ఇంట్లో రొట్టెలు చేసింది మా అక్క. మీకు సిగ్గు లేకపోతే పోయింది, ఆమె సహనానికైనా భయపడండి.

ఇక షరతులు లేవు. పెద్దలను పిలిచి పంచాయతీ పెడతాను. సాక్షులు సిద్ధంగా ఉన్నారు.

ప్రభాకర్


చిట్కుల్,
20 ఫిబ్రవరి.

ఒరే ప్రభాకర్,

నీ ఉత్తరం చదివి నర్సింహను ఆటోలోనే కూర్చోబెట్టాను, జవాబు పట్టుకుపొమ్మని. నీలాంటి తెలివితక్కువవాడికి జవాబు ఆలస్యం చేయడం కూడా పాపమే.

ఆ ఆడమనిషి మా అమ్మ. పోయి ఇన్నేళ్లయిన మా అమ్మ ఫోటో. బొట్టు ఫోటో అద్దం మీద పెట్టిన కుంకుమ. దండ ఫోటోకు వేసినది. నీ పార్టీకి కళ్లు లేవు, నీకు బుర్ర లేదు. ఇద్దరూ కలిసి రాసుకున్న దస్తావేజు బాగుంది.

విను. మా అమ్మ కూరగాయల గంప నెత్తిన పెట్టుకుని చిట్కుల్ నుంచి పటాన్‌చెరు సంతకు నడిచి పోయేది. బస్సు ఎక్కితే లాభమంతా టికెట్‌కే పోతుందని నడిచేది. దారిలో కార్లు దుమ్ము లేపుకుంటూ పోయేవి. "ఒక్కసారన్న కూసోవాలె బిడ్డా గా కార్ల" అనేది. కూర్చోకుండానే పోయింది. కారు పూజకు రుద్రారం గణేశుని గుడికి వెళ్లిన ఆ శుక్రవారం, గోడ మీది ఫోటో దించి, తుడిచి, పక్క సీట్లో కూర్చోబెట్టి, జారిపోకుండా బెల్టు పెట్టాను. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించాను. పూజారి కూడా కొడుకంటే ఇలా ఉండాలి అన్నాడు. నాకు కళ్లల్లో నీళ్లు వచ్చాయి. అప్పటినుంచి ఆ ఫోటో అక్కడే ఉంది. దించాలనిపించలేదు. సాయంత్రం పోతూ నాలుగు మాటలు చెప్పుకుంటాను. తల్లితో మాట్లాడితే నవ్వుతూ కాక ఏడుస్తూ మాట్లాడతారా?

మీ అక్కను గుడికి షేర్ ఆటోలో తీసుకొచ్చాను. అంటే నేను ముందు పోయాను, ఆమె ఆటోలో వెనక వచ్చింది. ఏమీ అనలేదు. ప్రసాదం కూడా తీసుకుంది. ఆ మర్నాడే మహేష్ ఫోన్ చేసి ఏం నూరిపోశాడో, సంచి సర్దుకుంది.

పెట్టు పంచాయతీ. సాక్షిగా మా అమ్మ ఫోటోనే తెస్తాను.

దశరథ్


సంగారెడ్డి,
24 ఫిబ్రవరి.

బావగారికి,

మీ ఉత్తరం వచ్చినప్పుడు నేను ఆఫీసు లోపల ఉన్నాను. నర్సింహ దాన్ని ఇంటికి తీసుకెళ్లి అక్క చేతికే ఇచ్చాడు. ఆమె చదువుకుంది ఏడో తరగతి దాకా. వరుస కింద వేలు పెట్టుకుని మొత్తం చదివింది. తర్వాత తిన్నగా నా టేబుల్ దగ్గరికి వచ్చి, పార్టీలు కూర్చునే కుర్చీలో కూర్చుంది. మిగతా ఉత్తరాలు కూడా తీయమంది. నేను మీకు రాసినవాటి నకళ్లు నా దగ్గర ఉంటాయని ఆమెకు తెలుసు. అవీ చదివింది. అంతసేపూ అక్కడున్న పార్టీలు నిలబడే ఉన్నారు.

ఆ తర్వాత ఆమె అన్న మాట మీకు రాయడం నాకు ఇష్టం లేదు, కానీ రాయమంది. "ఊరోళ్ల కాగితాలు రాస్తవ్. రాసినంక పార్టీకి సదివి ఇనిపిస్తవ్, సరే అంటేనే సంతకం పెట్టిపిస్తవ్. మరి నా పేరు మీద గిన్ని రాసినవ్, ఒక్కటన్న నాకు సదివి ఇనిపిచ్చినవా? కారు అమ్మాలె, బ్యాంకుల ఎయ్యాలె, తప్పు ఒప్పుకోవాలె, గివన్నీ నీకు ఎవరు జెప్పిన్రు? నేనుంటే నీకు రొట్టె దొరుకుతదని రాసుకున్నవ్" అంది. నేను కాగితం తీసి కలం పట్టుకున్నాను.

కింద ఉన్నది ఆమె చెప్పింది చెప్పినట్టు రాసినది.

"మహేష్ వాళ్ల నాయినకు ముత్యమ్మ చెప్పేది. తమ్ముడు రాస్తుండు. నడుమల సొంతం ఏమన్న కలిపితే చింపుత అని చెప్పిన.

నువ్వు కారు కొన్నందుకు నేను రాలే. నీ పైసలు నీయి. మంజీరల పారబోసుకున్నా నేను ఒక్క మాట అనేదాన్ని గాదు. మహేష్ నాకేం నూరిపోయలే. వాడు ఫోన్ జేసింది వాని బిడ్డకు జరమొచ్చిందని చెప్పనీకి.

పెండ్లయినకాంచి నీ ఎనకనే కూసున్న. ముందుగాల సైకిల్ మీద, తర్వాత స్కూటర్ మీద. నీ అంగి ఈపు మీద ఏడ కుట్లు పోయినయో నాకు ఎరుకే గని, తొవ్వల పోయేటప్పుడు నీ మొఖం ఎట్లుంటదో నాకు ఎరుక లేదు. కారుకు రెండే సీట్లు అంటే కొడుకు మూతి ముడుచుకుండు. నేను లోపట సంబురపడ్డ. ఒకటి నీది, ఒకటి నాది అనుకున్న. పూజ దినం పట్టుచీర కట్టుకున్న. నువ్వు చూడనన్న చూడలే. మీ అమ్మకు బెల్టు పెట్టి, నాకు ఆటో ఆపినవ్. ఆటోల నలుగురి నడుమ ఇరుక్కోని, నీ కారు ఎనకనే వచ్చిన. తిరిగి వచ్చేటప్పుడన్న ఫోటో తీసి ఒళ్లె పెట్టుకొమ్మంటవనుకున్న. అనలే. నీకు యాదికే రాలే.

అత్త బతికున్నప్పుడు మనమిద్దరం మంచం మీద పక్కపక్కకు కూసుంటే అరుగు మీదికెల్లి దగ్గేది. నేను లేసిపోయేదాన్ని. ఎప్పుడన్న ఒక్కపారి నువ్వు కూసో అన్నవా? ఆమె పోయి ఏండ్లయింది. ఇప్పుడు గూడ నేనే లేసి పోవాల్నా?

నీ పక్కల ఎవరో ఆడామె ఉన్నదని తమ్ముడు ఉర్కొచ్చి చెప్పిండు. ఎవరో ఆడామె అయితే మంచిగుండేది. ఎంటికెలు వట్టి దింపేదాన్ని. మీ అమ్మను ఎట్ల దింపాలె?

ఆదివారం రా. సీటు ఖాలీ ఉంటే ఎక్కుత. లేకుంటే రాకు. అన్నానికి గిన్నెడు బియ్యానికి రెండు గిన్నెల నీళ్లు పొయ్యాలె. గంత మాత్రం నేర్చుకో, నేను రాకపోతే పనికొస్తది."

పై సంగతులు అక్కకు చదివి వినిపించగా విని, సరి అని ఒప్పుకుని, నా ఎదుట సంతకం చేసింది.

(సం.) ముత్యమ్మ

రాసినవాడు: ప్రభాకర్


సంగారెడ్డి,
4 మార్చి.

బావా,

కనీసం టీ తాగి పోవాల్సింది. ఇంటి అల్లుడు ఆదివారం వస్తాడని పొద్దున్నే పాలు తెప్పించాను.

మీరు మా వీధి మొదట్లో స్పీడ్ బ్రేకర్ దగ్గర కారు ఆపి, దిగి, పలకలు వేస్తుంటే వీధిలోని వాళ్లందరూ గుమ్మాల్లోకి వచ్చారు. కోర్టు గుమాస్తా తన అగ్గిపెట్టె కారు తుడుస్తూ తుడుస్తూ ఆపేశాడు. మీ ఒంటి మీద ఇస్త్రీ చొక్కా, తలకు నూనె. పెళ్లిచూపులకు కూడా మీరు ఇంత శుభ్రంగా రాలేదు, నేను సాక్షిని.

అక్క ఎక్కడం చూడలేకపోయాను. ఆ కారు నేల మీద పడుకుని ఉంటుంది. ముందు కాలు పెట్టాలా, ముందు కూర్చోవాలా తెలియక ఆమె, ఎలా చెప్పాలో తెలియక మీరు. చివరికి పక్కింటి ఆడవాళ్లు ఇద్దరు పట్టుకుని కూర్చోబెట్టారు. ఒకావిడ పట్టుచీర అంచు తలుపులో పడకుండా లోపలికి నెట్టింది. అక్క కొంగు సర్దుకుని, నా వైపు కాదు, మీ వైపు కాదు, అద్దంలోంచి ముందుకు చూస్తూ "తియ్" అంది. మీరు తీశారు. పలకలు రోడ్డు మీదే ఉన్నాయి. చిట్కుల్‌లో ఎలా దాటించారో దేవుడికి తెలియాలి.

అసలు సంగతి ఇంకొకటి ఉంది. మీ వెనకాల నర్సింహ ఆటో వచ్చింది. అందులో మీ అమ్మగారు, తువ్వాలుతో సీటుకు కట్టి. ఇంట్లో ఒంటరిగా వదలలేక ఆటోలో వెంట తెచ్చారట. ఇంత ఆలోచన చేసే బుర్ర మీకుందని నేను కలలో కూడా అనుకోలేదు. పోతిరెడ్డిపల్లి చౌరస్తా దాటాక మీరు ఎంత వేగంగా పోయారంటే నర్సింహ అందుకోలేకపోయాడు. కాసేపు చూసి వెనక్కి తిప్పుకుని వచ్చి, ఆమెను నా దగ్గర దింపి, కిరాయి కూడా నా దగ్గరే తీసుకున్నాడు.

ఇంట్లో పెడదామంటే మేకు లేదు. అందుకని నా టేబుల్ మీద పెట్టాను. వచ్చిన పార్టీలు నా తల్లి అనుకుని ముందు ఆమెకు దండం పెట్టి తర్వాత నాతో మాట్లాడుతున్నారు. ఆమె చూస్తుండగా అబద్ధపు హద్దులు రాయడం కష్టంగా ఉంది. తొందరగా వచ్చి తీసుకుపోండి. రేపే రావాలని కాదు. వచ్చేటప్పుడు అక్కను కూడా తీసుకురండి. నిన్న నేను చేసిన రొట్టె కుక్క కూడా వాసన చూసి వదిలేసింది.

ప్రభాకర్


చిట్కుల్,
8 మార్చి.

ప్రభాకర్‌కు,

అమ్మను కొన్నాళ్లు నీ దగ్గరే ఉంచు. కుంకుమ అద్దం మీదికి కారకుండా చూడు. నీ రాతల మీద ఒక కన్నేసి ఉంచడానికి ఎవరో ఒకరు కావాలి కూడా. కిరాయి నర్సింహతో పంపాను. పలకలు కూడా వాడికే ఇవ్వు.

మీ అక్క బాగానే ఉంది. అన్నం అడుగంటిన గిన్నెలు చూసి నన్ను ఒక పూటంతా తిట్టింది. నీ గురించి కూడా తిట్టింది, ఆ మాటలు నేను రాయను.

ఆదివారం సంగతి నీకు చెప్పాలి. ఇంకెవరికీ చెప్పేది కాదు, నీ పార్టీలకు కూడా చదవకు. కంది దాటాం. నేనే పైకప్పు తెరవనా అని అడిగాను. "నీ ఇష్టం" అంది. తెరిచాను. కొంగు చెవుల వెనక్కి దోపుకుంది. కాసేపటికి చూస్తే రోడ్డు కాదు, నన్ను చూస్తోంది. అలా చూస్తూనే ఉంది. పెళ్లయిన కొత్తలో కూడా నాకు అంత భయం వేయలేదు.

"ఏంది, గట్ల చూస్తున్నవ్?" అన్నాను.

"గీ పక్కకెల్లి నిన్నెప్పుడు చూడలే" అంది. "ముక్కు, గదుమ, ఆ పెదవి బిగవట్టుడు. అచ్చం మీ అమ్మనే."

అమ్మను ఆటోలో ఎక్కించానే, వెనక వదిలేసి వచ్చానే అనుకున్నాను. ఇంత చేసినా నా మొహంలోనే కూర్చుని వచ్చింది. రుద్రారం దగ్గర వేగం తగ్గించి, "మరి ఆపాల్నా?" అని అడిగాను.

"ఎందుకు? నడుపు" అంది మీ అక్క. "ఈసారి నేను దిగ."

దశరథ్